నూటికి నూరు వస్తే గొప్పేనా? ఆపరేషన్స్ రీసెర్చ్‌లో అపోహలు - వాస్తవాలు

ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులతో మంచి నిర్ణయం తీసుకోవడానికి గణితాన్ని వాడే శాస్త్రం) అనగానే కొందరికి కళాశాలలో పరీక్ష కోసం నింపిన రవాణా సమస్య పట్టికలు గుర్తొస్తాయి. మరికొందరికి అది ఖర్చులు తగ్గించే మంత్రదండం. పనిలో నాకు ఎక్కువగా తారసపడేది ఈ రెండో రకం వారే. మేము ఇచ్చే ప్రతి జవాబు వెనుకా ‘ఈ మోడల్‌కు, ఈ డేటాకు, ఈ పోలికకు లోబడి’ అన్న షరతు ఉంటుంది. నివేదిక చేతులు మారేకొద్దీ ఆ షరతు రాలిపోతుంది, అంకె మాత్రం మిగులుతుంది. కింది అపోహల్లో చాలావరకు అక్కడ పుట్టినవే.

అపోహ: దక్షత స్కోరు 100 వచ్చిన సంస్థ భేష్, 79 వచ్చిన చోట 21 శాతం వృథా ఉన్నట్టే

వాస్తవం: ఆసుపత్రులు, బ్యాంకు శాఖలు, బడులు, విద్యుత్ పంపిణీ సంస్థల పనితీరును పోల్చడానికి విరివిగా వాడే పద్ధతి డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్, క్లుప్తంగా డీఈఏ. ఫారెల్ 1957లో వేసిన పునాది మీద ఛార్న్స్, కూపర్, రోడ్స్ 1978లో దీన్ని లీనియర్ ప్రోగ్రామింగ్ (సరళ పరిమితులకు లోబడి ఉత్తమ విలువను వెతికే గణితం) రూపంలో నిలబెట్టారు. రోడ్స్ ముందున్న పని అమెరికాలో వెనుకబడిన కుటుంబాల పిల్లల కోసం నడిచిన ఒక విద్యా కార్యక్రమాన్ని మదింపు చేయడం. చదవడంలో మార్కులు, లెక్కల్లో మార్కులు, పిల్లల ఆత్మగౌరవం... వీటిలో దేనికి ఎంత విలువ కట్టాలి? వీటికి మార్కెట్లో ధర ఉండదు. అందుకని ప్రతి బడికీ తనకు అత్యంత అనుకూలమైన వెయిటేజీలను తానే ఎంచుకునే వీలు కల్పించారు. నీకు నచ్చిన వెయిటేజీలతో లెక్కించినా ఇంకొకరు నిన్ను మించారంటే, ఇక సాకు చెప్పడానికి ఏమీ ఉండదు. చాలా అందమైన ఆలోచన. చిక్కు కూడా అందులోనే ఉంది.

పదేసి మంది సిబ్బంది ఉన్న నాలుగు ఆసుపత్రులను ఊహించుకోండి. ఒక వారంలో ‘ఎ’ 100 మంది ఔట్‌పేషెంట్లను చూసి 10 శస్త్రచికిత్సలు చేసింది. ‘బి’ లెక్క 60, 40. ‘సి’ లెక్క 50, 30. ‘డి’ లెక్క 10, 45. డీఈఏ నడిపితే ఎ, బి, డిలకు 100 వస్తుంది, సికి సుమారు 79 వస్తుంది. ఇప్పుడు డిని కాస్త పరిశీలించండి. బితో పోలిస్తే శస్త్రచికిత్సలు అయిదు ఎక్కువ, ఔట్‌పేషెంట్లు యాభై మంది తక్కువ. అయినా నూటికి నూరు. ఎందుకంటే వెయిటేజీ మొత్తం శస్త్రచికిత్సల మీదే పెట్టుకునే స్వేచ్ఛ దానికి ఉంది, ఆ ఒక్క అంశంలో అది అందరికంటే ముందుంది. ఔట్‌పేషెంట్లకు సున్నా వెయిటేజీ ఇచ్చుకుని దక్షత సాధించిన ఆసుపత్రి అన్నమాట!

ఇంకో తమాషా ఉంది. ఈ జాబితాలోంచి బిని తీసేసి లెక్క మళ్లీ చేయండి. సికి కూడా 100 వస్తుంది. సిలో ఒక్క ఉద్యోగి మారలేదు, ఒక్క రోగి పెరగలేదు. దాన్ని వెనక్కి నెట్టిన పొరుగు సంస్థ పట్టికలో లేదు, అంతే. కాబట్టి 79 అన్నది సి గురించి మాత్రమే చెప్పే అంకె కాదు, సిని ఎవరి పక్కన నిలబెట్టారో కూడా అందులో కలిసి ఉంది. నా చేతికి డీఈఏ నివేదిక వస్తే స్కోర్ల పట్టిక చూడను. ఎవరెవరితో పోల్చారు, ఒక్కొక్కరు ఏ వెయిటేజీలు ఎంచుకున్నారు అన్న అనుబంధం ముందు వెతుకుతాను. అది జతచేయని నివేదిక మీద నాకు పెద్దగా నమ్మకం ఉండదు.

ఇన్‌పుట్లు (సిబ్బంది వంటి వనరులు), ఔట్‌పుట్లు (చికిత్సల వంటి ఫలితాలు) రకాలు పెంచుకుంటూ పోతే దాదాపు అందరికీ 100 వచ్చేస్తుంది. ఇన్‌పుట్లు, ఔట్‌పుట్ల మొత్తానికి కనీసం మూడు రెట్ల సంస్థలైనా ఉండాలన్న మోటు సూత్రం అందుకే వచ్చింది. అంతకంటే లోతైన లోపం మరొకటి ఉంది. మూల రూపంలోని డీఈఏకి అదృష్టం, దురదృష్టం, నమోదులో పొరపాటు అన్న భావనలే లేవు. అత్యుత్తమ సంస్థలను కలుపుతూ గీసే సరిహద్దు రేఖకు ఎంత దూరం ఉంటే అంతా అసమర్థతే. ఒక్క సంస్థ తప్పు డేటా ఇచ్చి ఆ రేఖ మీదికి ఎక్కిందంటే దాని కిందివారందరి స్కోర్లూ పడిపోతాయి. యాదృచ్ఛిక హెచ్చుతగ్గులను విడదీసే స్టొకాస్టిక్ ఫ్రాంటియర్ పద్ధతి 1977 నుంచే ఉంది, కానీ దానికి ఉత్పత్తి ప్రమేయం (వనరుల నుంచి ఫలితం ఎలా వస్తుందో చెప్పే సూత్రం) రూపాన్ని మనం ముందే ఊహించి ఇవ్వాలి. డీఈఏ స్కోర్లకు బూట్‌స్ట్రాప్‌తో (ఉన్న డేటా నుంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసే పద్ధతితో) విశ్వాస అంతరాలు (అసలు విలువ ఉండగల హద్దులు) కట్టే మార్గం సిమార్, విల్సన్ 1998లో చూపించారు. వచ్చిన స్కోర్లను తీసుకెళ్లి మామూలు రిగ్రెషన్‌లో (ఒక రాశి మరికొన్నింటిపై ఎలా ఆధారపడుతుందో అంచనా వేసే గణాంక పద్ధతిలో) పెట్టి ‘దక్షతకు కారణాలు’ రాబట్టే అలవాటు గణాంకపరంగా ఎందుకు నిలవదో అదే ఇద్దరు 2007లో వివరించారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. సంస్థను తెరవని పెట్టెలా చూడకుండా లోపలి దశలను విడివిడిగా కొలిచే నెట్‌వర్క్ డీఈఏ, కాలుష్యం వంటి అవాంఛిత ఔట్‌పుట్లను లెక్కలోకి తెచ్చే మోడళ్లు... ఇటీవలి పరిశోధనలో చాలా భాగం ఇటువైపే నడుస్తోంది.

అపోహ: యంత్రమైనా మనిషైనా ఖాళీగా ఉంటే అది వృథా

దీన్ని నమ్మేవారితో వాదించడం కష్టం. ఒక లెక్క చూపిస్తే మాత్రం కాసేపు మౌనంగా ఉంటారు.

ఒకే కౌంటరు. జనం ఎప్పుడు వస్తారో తెలియదు. ఒక్కొక్కరికి సగటున పది నిమిషాలు పడుతుంది, కానీ ఎవరికి ఎంతో ముందుగా తెలియదు. వరసల్లో నిరీక్షణను లెక్కించే క్యూయింగ్ సిద్ధాంతంలోని అతి సాధారణ మోడల్ ప్రకారం, కౌంటరు తన సమయంలో 80 శాతం పనిలో ఉంటే వచ్చినవారు వరసలో సగటున 40 నిమిషాలు వేచి ఉంటారు. 90 శాతానికి 90 నిమిషాలు. 95 శాతానికి 190 నిమిషాలు. ఆ చివరి అయిదు శాతం తీరికను తగ్గించినందుకే నిరీక్షణ రెట్టింపుకు మించింది. 100 శాతానికి సమాధానమే లేదు, వరస పెరుగుతూనే పోతుంది.

వాస్తవం ఏమిటంటే, హెచ్చుతగ్గులు ఉన్న చోట ఖాళీ సమయం సేవలో భాగమే. నిరీక్షణకు మూలాలు రెండని కింగ్‌మన్ 1961లో ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం తేటగా చూపుతుంది: ఎంత బిజీగా ఉన్నారు, రాకలోనూ పనిలోనూ ఎంత అనిశ్చితి ఉంది. రెండోదాన్ని తగ్గిస్తే మొదటిది కొంత పెంచుకోవచ్చు. ముందస్తు అపాయింట్‌మెంట్లు, పనిని ఒక పద్ధతిలో పెట్టడం, విడివిడి వరసలను ఒకే వరసగా కలపడం పనిచేసేది ఇందుకే. ఇవేవీ చేయకుండా సిబ్బందిని తగ్గించి, ఆ తర్వాత జాప్యం ఎందుకు పెరిగిందని విచారణ వేయడం నేను చూసిన పాత నాటకమే. ఆ ముందటి ఏడాది దక్షత స్కోరు మాత్రం పెరిగే ఉంటుంది, చూడండి. ఎందుకంటే వేచి ఉన్న రోగి సమయం ఏ ఇన్‌పుట్ వరసలోనూ ఉండదు.

అపోహ: ఎన్‌పీ-హార్డ్ సమస్య అంటే పరిష్కారం లేనిది

ఎన్‌పీ-హార్డ్ అంటే అన్ని సందర్భాల్లోనూ వేగంగా పరిష్కరించే పద్ధతి ఏదీ ఇంతవరకు తెలియని సమస్య. అది అత్యంత గడ్డు సందర్భం గురించిన హెచ్చరిక మాత్రమే. అన్ని నగరాలనూ ఒక్కసారి చుట్టి వచ్చే కనిష్ఠ దూరపు దారిని వెతికే సమస్యను డాన్‌జిగ్, ఫల్కర్సన్, జాన్సన్ 1954లో 49 నగరాలకు సాధించారు. 2006 నాటికి 85,900 బిందువుల సమస్యకు కనిష్ఠ దారి దొరకడమే కాదు, అంతకంటే చిన్నది లేదని నిరూపణ కూడా వచ్చింది. దీనికి వేగవంతమైన కంప్యూటర్లే కారణమనుకుంటే పొరపాటు. మార్టిన్ గ్రోషెల్ ఇచ్చిన ఉదాహరణ ఈ రంగంలో అందరికీ తెలిసినదే: 1988లో 82 ఏళ్లు పట్టే ఒక ఉత్పత్తి ప్రణాళిక సమస్య 2003 నాటికి సుమారు ఒక నిమిషంలో తేలింది. ఆ వేగంలో దాదాపు వెయ్యి రెట్లు యంత్రాలది, సుమారు 43,000 రెట్లు అల్గారిథమ్‌లది.

అపోహ: సాల్వర్ (లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్) ‘ఆప్టిమల్’ (అత్యుత్తమం) అని చూపిందంటే అంతకంటే మంచి ప్రణాళిక ఉండదు

వాస్తవం: మోడల్లో ఉండదు. బయట ఉండవచ్చు. లీనియర్ ప్రోగ్రామింగ్‌లో ఉత్తమ పరిష్కారం సాధారణంగా ఒక మూలలో, పరిమితులను తాకుతూ దొరుకుతుంది. అంటే కొసరు ఎక్కడా మిగల్చకుండా వాడుకున్న ప్రణాళిక అది. డేటా కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుంది? బెన్-తాల్, నెమిరోవ్‌స్కీ పరీక్షా సమస్యల నెట్‌లిబ్ సంకలనంలోని 90 సమస్యలను తీసుకుని, అనిశ్చితమనిపించే గుణకాలను కేవలం 0.01 శాతం కదిలించి చూశారు. 13 సమస్యల్లో ‘ఉత్తమ’ పరిష్కారం ఏదో ఒక పరిమితిని 50 శాతానికి మించి ఉల్లంఘించే అవకాశం కనిపించింది. 2000లో వచ్చిన ఆ వ్యాసం తర్వాత రోబస్ట్ ఆప్టిమైజేషన్‌ను (డేటా కొంత మారినా నిలిచే ప్రణాళికను వెతకడాన్ని) చాదస్తమనేవారు తగ్గారు. అన్నీ ఒకేసారి చెడిపోవు కదా, ఎన్ని చెడవచ్చో ఒక పరిమితి పెట్టుకుని ఆ మేరకే రక్షణ కొనుక్కుందామని బెర్ట్సిమాస్, సిమ్ 2004లో చూపిన మార్గం పనిలో నాకు ఎక్కువగా అక్కరకొచ్చేది.

మరో సూక్ష్మమైన ఉచ్చు ఉంది. ఇరవై ప్రతిపాదనల లాభాన్ని ఏ పక్షపాతమూ లేకుండా అంచనా వేశారనుకోండి. వాటిలో అన్నింటికంటే ఎక్కువ అంచనా ఉన్నదాన్ని ఎంచుకుంటే సగటున నిరాశే మిగులుతుంది, ఎందుకంటే పైకి తేలినవాటిలో పొరపాటున ఎక్కువ చూపినవి ఎక్కువగా ఉంటాయి. స్మిత్, వింక్లర్ 2006లో దీన్ని ఆప్టిమైజర్ శాపం అన్నారు. అంచనా ఒక బృందం, నిర్ణయం మరో బృందం చేసే చోట ఈ శాపం తప్పకుండా తగులుతుంది. అంచనాలోని తప్పును కాకుండా ఆ అంచనా వల్ల నిర్ణయంలో వచ్చే నష్టాన్నే తగ్గించేలా మెషీన్ లెర్నింగ్ మోడల్‌కు శిక్షణ ఇవ్వాలన్న ఎల్మాక్‌టూబ్, గ్రిగస్‌ల పని నాకు నచ్చడానికి ఇదొక కారణం.

అపోహ: కృత్రిమ మేధ వచ్చింది, ఇక ఈ గణితంతో పని లేదు

పని పెరిగింది. భాషా నమూనాలు మాటల్లో చెప్పిన సమస్యను సమీకరణాలుగా రాస్తున్నాయి, అదీ వేగంగా. ఒక పరిమితిని వదిలేసినా సాల్వర్ ఏమీ అనదు. చక్కగా నడిచి మరింత ‘మంచి’ జవాబు ఇస్తుంది. అది ఎందుకంత బాగుందో అనుమానించాల్సింది మనిషే. 2023లో వచ్చిన ఫన్‌సెర్చ్ (భాషా నమూనాతో ప్రోగ్రాములు రాయించే వ్యవస్థ) బిన్ ప్యాకింగ్‌కు (వస్తువులను వీలైనన్ని తక్కువ పెట్టెల్లో సర్దే సమస్యకు) కొత్త హ్యూరిస్టిక్‌లు (ఉజ్జాయింపు ఉపాయాలు) కనిపెట్టింది నిజమే, కానీ అక్కడ నమూనా రాసిన ప్రతి ప్రోగ్రామునూ నడిపి మార్కులు వేసే వేరే మూల్యాంకన విభాగం ఉంది. గ్రాఫిక్స్ ప్రాసెసర్ల వల్ల నాకు కనిపిస్తున్న అసలు మార్పు వేరే చోట ఉంది: 2021లో వచ్చిన పీడీఎల్‌పీ వంటి పద్ధతులు, పాత సింప్లెక్స్ పద్ధతిలా మాత్రికలను (అంకెల పట్టికలను) విడగొట్టకుండా కేవలం మాత్రిక-సదిశ గుణకారాలతో, అతి భారీ లీనియర్ సమస్యలను నడిపిస్తున్నాయి. ఖచ్చితత్వం కొంత వదులుకోవాలి. చాలా పనులకు అది చాలు.

అపోహ: లక్ష్య ప్రమేయం (దేన్ని పెంచాలో, దేన్ని తగ్గించాలో చెప్పే సూత్రం) గణితజ్ఞులు చూసుకునే విషయం

2017లో బోస్టన్ నగర ప్రభుత్వ పాఠశాలల కోసం ఎంఐటీ బృందం రెండు పనులు చేసింది. ఒకటి బడి బస్సుల మార్గాలు మళ్లీ గీయడం. దానితో సుమారు 50 బస్సులు తగ్గాయి, దాదాపు 50 లక్షల డాలర్లు మిగిలాయి. రెండోది బడి మొదలయ్యే వేళలు మార్చడం: పెద్ద పిల్లలకు ఆలస్యంగా, చిన్న పిల్లలకు త్వరగా. టీనేజీ నిద్ర గురించిన వైద్య పరిశోధన దీనికి అండగా ఉంది, ఖర్చు కూడా కలిసివచ్చేది. అయితే కొత్త వేళల జాబితా బయటకు రాగానే తల్లిదండ్రులు తిరగబడ్డారు. మధ్యాహ్నం త్వరగా ఇంటికొచ్చే పసిపిల్లల్ని ఎవరు చూసుకోవాలి, తమ ఉద్యోగ వేళలు ఎవరు మారుస్తారు అన్నవి వారి ప్రశ్నలు. ప్రణాళికను పక్కన పెట్టేశారు.

ఈ పని గురించి ఆ బృందం రాసిన వ్యాసం 2019లో ఒక ప్రసిద్ధ సైన్స్ పత్రికలో వచ్చింది. గణితంలో నాకు లోపం కనిపించలేదు. బస్సు మార్గం మారితే పిల్లవాడు మరో మలుపు దగ్గర ఎక్కుతాడు, అంతే. బడి వేళ మారితే ఇంటిల్లిపాది రోజూ మారుతుంది. ఆ భారాన్ని ఎంతగా కొలవాలో, ఎవరి భారాన్ని ఎవరి నిద్రతో సరితూచాలో లక్ష్య ప్రమేయం రాసే ముందే ఆ తల్లిదండ్రులను అడిగి ఉంటే, రెండో లెక్క జవాబు వేరుగా వచ్చేదనే నా అభిప్రాయం.