మనసు చెదిరితే ధ్యానం చెడినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ధ్యానం నేర్పడం మొదలుపెట్టిన నాటి నుంచి నేను ఎక్కువగా విన్న మాట "నాకు కుదరదండీ" అన్నదే. ఈ మధ్య ఒకావిడ పది నిమిషాలకే కళ్లు తెరిచి, ఆఫీసు పనుల నుంచి పిల్లల పరీక్షల దాకా మనసు తిరగని చోటు లేదని నొచ్చుకున్నారు. అలా తిరుగుతోందని మధ్యలో ఎప్పుడైనా తెలిసిందా అని అడిగాను. నాలుగైదుసార్లు తెలిసిందని, తెలిసినప్పుడల్లా మళ్లీ శ్వాస దగ్గరికి వచ్చానని చెప్పారు. ఆ నాలుగైదుసార్లు వెనక్కి రావడమే ఆ రోజు ఆవిడ చేసిన ధ్యానం.

అపోహ: ధ్యానమంటే మనసులో ఆలోచనలే లేకుండా చేసుకోవడం.

వాస్తవం: ఆలోచనలు పుట్టడం మెదడు స్వభావం, మనం ఏ పనీ చేయనప్పుడు కూడా అది జరిగినదాన్ని తలపోస్తూ, జరగబోయేదాన్ని ఊహిస్తూనే ఉంటుంది. ముక్కు అంచున చల్లగా తాకి లోపలికి వెళ్లి, కాస్త వెచ్చబడి బయటికి వచ్చే గాలిని గమనిస్తూ, దృష్టి జారిందని గుర్తించి, తనను తాను విసుక్కోకుండా దాన్ని వెనక్కి తెచ్చుకోవడమే ఇందులోని సాధన. ఇది రోజూ చేసేవారికి, కోపంలో దవడ బిగుసుకోవడం, కంగారులో ఊపిరి పైపైనే ఆడడం కొంచెం ముందుగా తెలుస్తాయి. నోటికొచ్చిన మాట అనేలోపు ఆగే వ్యవధి అక్కడ దొరుకుతుంది. భావోద్వేగాల విషయంలో ధ్యానం చేసే మేలు నేను చూసినంతలో ప్రధానంగా ఇదే.

అపోహ: ఇదంతా నమ్మకమే, శరీరానికి ఒరిగేదేమీ ఉండదు.

వాస్తవం: ఊపిరి నిదానించి, నిశ్వాస దీర్ఘమైనప్పుడు మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ నాడి ద్వారా, శరీరాన్ని నెమ్మదింపజేసే పారాసింపథటిక్ నాడీ వ్యవస్థ చురుకై గుండె వేగం తగ్గుతుంది. అమెరికాకు చెందిన ధ్యాన శిక్షకుడు జాన్ కబట్ జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ప్రారంభించిన ధ్యాన శిక్షణ, తర్వాత 8 వారాల పాఠ్యక్రమంగా స్థిరపడి, దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే ఎందరికో ఉపయోగపడింది. 47 ప్రయోగాలను, 3,500 మందికి పైగా వ్యక్తుల ఫలితాలను పరిశీలించిన 2014 నాటి సమీక్ష, ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంతమేర తగ్గుతాయనడానికి ఓ మోస్తరు ఆధారాలున్నాయని తేల్చింది. మందులకంటే, వ్యాయామంకంటే ధ్యానం మెరుగని చెప్పే ఆధారం మాత్రం దొరకలేదని కూడా అదే సమీక్ష చెప్పింది. నేర్పేవాళ్లం మొదటి సగం చెప్పి రెండో సగం దాచడం అన్యాయమని నా అభిప్రాయం.

అపోహ: ధ్యానం మొదలుపెడితే మందులు మానేయవచ్చు.

వాస్తవం: మానకూడదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన ప్రకటన సైతం ధ్యానాన్ని గుండె జబ్బుల ముప్పు తగ్గించే చికిత్సకు తోడుగానే పరిగణించవచ్చన్నది. ఆందోళన రుగ్మతలున్న 276 మందిపై జరిగి 2022లో వెలువడిన ప్రయోగంలో 8 వారాల ధ్యాన శిక్షణ ఎసిటలోప్రామ్ అనే మందుకు దీటుగా పనిచేసిన మాట నిజమే. కానీ అది నిపుణుల పర్యవేక్షణలో జరిగింది. రక్తపోటు మాత్ర మోతాదైనా సరే, మార్చాల్సింది వైద్యులే.

పద్మాసనం, గంటసేపు కదలకుండా కూర్చోవడం తప్పనిసరి అనుకునేవారికి ఒక్క మాట చాలు: వెన్ను నిటారుగా ఉంచి కుర్చీలో కూర్చోవచ్చు, పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు.

అపోహ: ధ్యానం వల్ల ఎవరికీ ఇబ్బంది రాదు.

వాస్తవం: కొందరికి వస్తుంది. కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోగానే గుండెదడ పెరగడం, ఎప్పటిదో చేదు జ్ఞాపకం ఒక్కసారిగా పైకి రావడం నేను చూశాను. అలాంటివారిని పట్టుదలతో కూర్చోమనడం తప్పు. కళ్లు తెరిచి, పాదాలు నేలను తాకుతున్న స్పర్శ మీద దృష్టి నిలపమంటాను, లేదా లేచి నెమ్మదిగా నడవమంటాను. మర్నాడూ అలాగే ఉంటే అభ్యాసం ఆపి మానసిక వైద్యులను కలవమని చెబుతాను.