ఆ గడిలో ఏం రాయాలి?

చిన్నీకి, నీ హాస్టల్ గదిలో ఉన్న పిల్లలందరికీ,

ఫారంలో కులం అని ఉన్న చోట "మనిషి" అని రాసేస్తే ఏమవుతుందని మొన్న ఫోన్లో అడిగావు. ఆన్‌లైన్ ఫారం అయితే అసలు ముందుకే పోదు, ఆ జాబితాలో మనిషి ఉండడు. కాగితం ఫారం అయితే నాలాంటి గుమాస్తా ఒకడు దాన్ని కొట్టేసి, పాత సర్టిఫికెట్ చూసి ఓసీ అని రాస్తాడు. రెవెన్యూ ఆఫీసులో కుల ధ్రువీకరణ పత్రాల ఫైళ్ళు తిరగేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ మాత్రం చెప్పగలను. ఈ గడులు ఎవరు గీశారు, వాటిల్లో మనం ఎందుకు ఇమడాలి అన్న రెండో ప్రశ్నకి మాత్రం ఫోన్లో జవాబు కుదరదు.

బాపట్ల నుంచి చీరాల వెళ్ళే రైలు దారిలో స్టూవర్టుపురం అని ఒక చిన్న స్టేషను వస్తుంది. ఆ పేరు వినగానే మీ వయసువాళ్ళు కూడా "దొంగల ఊరు" అంటారు, సినిమాల పుణ్యమా అని. ఆ ఊళ్ళో ఎక్కువమంది ఎరుకలవాళ్ళు. వాళ్ళ పూర్వీకుల్లో చాలామంది వ్యాపారులు. ఎడ్ల మీదా గాడిదల మీదా కోస్తా ఉప్పు వేసుకుని పై ఊళ్ళకి తీసుకెళ్ళి, అక్కడి ధాన్యం తెచ్చి ఇక్కడ అమ్మేవారు. 19వ శతాబ్దంలో రైళ్ళు వచ్చాయి. ఉప్పు మీద తెల్లదొరల ప్రభుత్వం పట్టు బిగించింది. ఆ రెండు దెబ్బలతో వ్యాపారం పోయింది, తిరుగుడు మిగిలింది. ఒక చోట కాలు నిలవని మనుషులంటే పన్ను వసూలు చేసే సర్కారుకి ఎప్పుడూ అనుమానమే. 1871లో ఉత్తరాది కోసం చేసిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి రాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు.

ఆ చట్టం కింద ఒకడు దొంగతనం చేశాడా లేదా అని ఎవరూ విచారించనక్కర్లేదు. ఏ తెగలో పుట్టాడో చూస్తే సరిపోయేది. పేరు రిజిస్టర్లో ఎక్కేది, వేలిముద్రలు తీసుకునేవారు, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి వాళ్ళని అప్పగించి, నిఘాలో ఉంచే సెటిల్‌మెంటుగా ఈ ఊరు కట్టించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. సంస్కరిస్తున్నామన్నారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి మాత్రం, పారిపోవడానికి వీల్లేని కూలీలు దొరికారు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. గెజిట్లో పేరు కొట్టేశారు గానీ జనం నోళ్ళలో కొట్టేసేవాళ్ళు ఎవరు? ఈ రోజుకీ ఆ ఊరి కుర్రాడు ఇంటర్వ్యూలో సొంతూరి పేరు చెప్పాలంటే ఒక్క క్షణం ఆగుతాడంటే నేను ఆశ్చర్యపోను.

ఇప్పుడు అదే ఎరుకలవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ షెడ్యూల్డ్ తెగ. మొదటి ముద్ర మనిషిని ఊరు కదలనివ్వలేదు. రెండోది అదే ఇంటి మనవడికి కాలేజీలో సీటు ఇప్పిస్తోంది. రెండూ సర్కారు రిజిస్టర్లో రాతలే. అందుకే ముద్రలన్నీ చెడ్డవే, అన్నీ చింపేద్దాం అని ఎవరైనా ఆవేశంగా మాట్లాడితే నాకు రుచించదు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, దాని వల్ల ఎవరికి ఏం దక్కింది, ఎవరికి ఏం పోయింది అని ముందు అడగండి.

ఈ గీతలు బ్రహ్మ గీసినవి కావని తెలియాలంటే రాష్ట్రం సరిహద్దు దాటితే చాలు. లంబాడీలు మన దగ్గర ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి, అంటే ఆ నేరస్థ ముద్ర తీసేసిన తెగల జాబితా. భాష అదే, పండుగలు అవే, చుట్టరికాలూ ఉంటాయి. తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది కూడా 1976 చట్ట సవరణతోనే. అది సబబేనా అని ఆదిలాబాద్ గోండులు ఇప్పటికీ నిలదీస్తున్నారు. గీత ఎక్కడ గీసినా అవతల ఒకరు మిగులుతారు.

ఇంకొకటి చెప్పనా, ఇది నా టేబుల్ మీదకి వచ్చే ఫైళ్ళలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంగతి. ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి మారితే మన రాష్ట్రాల్లో ఎస్సీ హోదా పోయి, బీసీల్లో సీ గ్రూపు, అంటే బీసీ-సీ అవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు. కాగితం మీద హోదా మారిపోతుంది, ఊళ్ళో ఇల్లు మాత్రం ఉన్న పేటలోనే ఉంటుంది, టీ కొట్టు దగ్గర చూపూ మారదు. అప్లికేషన్ ఇచ్చినవాళ్ళకి రూలు చదివి వినిపించేవాణ్ణి. అది న్యాయమని మాత్రం ఏనాడూ అనిపించలేదు.

ఇక నీ గడి సంగతి. కులం లేదు, మతం లేదు అని రాసుకునే వీలు జనన ధ్రువీకరణ దరఖాస్తులో ఉండాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మంచి తీర్పు. నువ్వు ఖాళీగా వదిలేసినా నీకు పోయేదేమీ లేదు. నీ ఫీజు మీ నాన్న కడతాడు. నీ పక్క మంచం పిల్ల అదే పని చేస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుంది, రేపు ఉద్యోగం నోటిఫికేషన్లో తన వాటా పోతుంది. కాబట్టి నువ్వు వదిలేస్తే వదిలెయ్యి. తను నింపినందుకు "ఇంకా ఈ రోజుల్లో కులమేంటే" అని మాత్రం అనకు. ఓపెన్ సీట్లంటే ఓసీల సీట్లు కావు, ర్యాంకు వచ్చిన ఎవరికైనా వస్తాయి. ఇది మీ క్లాసులో సగంమందికి తెలియదని నా అనుమానం.

ఫారం కనీసం మొహం మీదే అడుగుతుంది. మన చుట్టూ అడిగే పద్ధతులు వేరే ఉన్నాయి. "ఇంటిపేరేంటమ్మా?" "మీరేవిట్లు?" "ర్యాంకెంత, మరి ఈ కాలేజీలో ఎలా వచ్చింది?" "వెజిటేరియన్లకే అద్దెకి ఇస్తాం." వీటికి డ్రాప్‌డౌన్లు లేవు, కోర్టులో కొట్టేయించడానికి జీవోలూ లేవు. ప్రశ్నించాలన్న ఉబలాటం ఉంటే అక్కడ ప్రశ్నించండి, పని చాలా ఉంది.

కార్తీక మాసం వస్తోంది. "మనవాళ్ళ వనభోజనాలు, జూనియర్లంతా రావాలి" అని ఎవరో ఒక సీనియర్ మెసేజ్ పెడతాడు. పులిహోర బాగుంటుంది, సందేహం లేదు. మా గదిలో నలుగురం ఉన్నాం, నలుగురం రావచ్చా అని అడిగి చూడు. ఏమన్నాడో నాకు రాయి.

మీ తాతయ్య