ఫ్రీజర్ కూరకు పలుచదనమే ప్రాణం

వారానికి సరిపడా కూర ఒక్కపూటే వండి ఫ్రీజర్‌లో పెట్టేస్తే రోజూ పొయ్యి దగ్గర నిలబడే పని తప్పుతుంది. తీరా కరిగించాక ముక్క చితికిపోయి, గిన్నె అడుగున నీళ్లు తేలుతుంటే ఫ్రీజర్‌ను తిట్టుకుంటాం. తప్పు చాలావరకు డబ్బా లోతుది.

ఆహారంలోని నీరు సున్నా డిగ్రీల దగ్గరే మంచు కాదు. ఉప్పు, చక్కెర కరిగి ఉంటాయి కాబట్టి మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్య ఎక్కువ భాగం గడ్డకడుతుంది. ఆ నాలుగు డిగ్రీలు దాటడానికి ఎంతసేపు పట్టిందన్నదే అసలు లెక్క. నిదానంగా దాటితే పుట్టిన కొద్ది స్ఫటికాలే చుట్టూ నీటిని లాక్కుంటూ పెరిగి కణాల గోడల్ని చీల్చేస్తాయి. గబగబా దాటితే లెక్కలేనన్ని సన్న స్ఫటికాలు పుడతాయి, ముక్క బిగువు పోదు.

ఈ సంగతిని వ్యాపారంగా మలిచినవాడు అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్ఐ. 1912 తర్వాత కెనడాలోని లాబ్రడార్‌లో ఉండగా, అక్కడి ఇన్యూట్ జనం పట్టిన చేపలు గడ్డకట్టించే చలిగాలికి చూస్తుండగానే బిగుసుకుపోవడం, నెలల తర్వాత వండినా రుచి చెడకపోవడం గమనించాడు. 1920లలో పలుచటి పొట్లాలను చల్లటి లోహపు పలకల మధ్య నొక్కి గడ్డకట్టించే యంత్రం తయారుచేశాడు.

మన ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఆగుతుంది. మన చేతిలో ఉన్నది మందమొక్కటే. సున్నా డిగ్రీల నీటిని మంచుగా మార్చడానికి లాగేయాల్సిన వేడి, అదే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు కాచడానికి పట్టేంత! అదంతా మధ్యలోంచి అంచుదాకా రావాలి. అందుకే మందం రెట్టింపైతే సమయం రెట్టింపుతో ఆగదు. చల్లారిన కూరను జిప్ కవర్‌లో పోసి, గాలంతా నొక్కేసి, రెండు సెంటీమీటర్లు మించకుండా పళ్లెంలో పరిచి పెట్టండి. బిగుసుకున్నాక కవర్లను పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. గాలి మిగిలితే పైపొర మంచు నేరుగా ఆవిరై కూర అక్కడక్కడ ఎండిపోతుంది. బంగాళదుంప ముక్కల మీద మాత్రం నాకు ఆశ లేదు, మెదిపి పెడితేనే నయం.

అన్నానిది వేరే కథ. ఉడికిన పిండిపదార్థం ఫ్రిజ్ చల్లదనంలో త్వరగా గట్టిపడుతుంది, ఫ్రీజర్‌లో ఆ మార్పు దాదాపు నిలిచిపోతుంది. కానీ చల్లారాలని రాత్రంతా బయట వదిలేయకూడదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి మొలిచి పెరిగితే, విడుదలయ్యే విషాల్లో ఒకటి మళ్లీ వేడిచేసినా పోదు. ఫ్రీజర్ కూడా సూక్ష్మజీవుల్ని నిద్రపుచ్చుతుందే తప్ప వాటన్నిటినీ చంపదు. రెండు గంటల్లోపే లోపల పెట్టేయాలి.

గడ్డకట్టడానికన్నా కరగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మంచుతో పోలిస్తే నీరు వేడిని దాదాపు నాలుగో వంతే మోస్తుంది, ముందుగా కరిగిన పైపొరే లోపలికి వేడి పోనివ్వదు. లోతైన డబ్బాను ముందురోజే ఫ్రిజ్‌లోకి దించాలి. పలుచటి కవరైతే నేరుగా గిన్నెలో వేసి, మధ్యలో కూడా 75 డిగ్రీలు దాటేలా కాచుకుంటే చాలు.