గడ్డిపరకలో దాగిన చక్కెర

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడు మన పక్క పొలంలో వరి కొయ్యకాళ్లు కాలుతుంటే, "ఆ గడ్డి ఇంకెందుకూ పనికిరాదా?" అని అడిగారు. ఆ పొగలో నిలబడి సరిగ్గా చెప్పలేకపోయాను.

ముందు ఒక ముద్ద అన్నం మింగకుండా బాగా నమిలి చూడండి. కాసేపటికి తియ్యగా తగులుతుంది. అన్నంలో పిండి అంటే గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండ. మన ఉమ్మి ఆ దండను తెంపుతుంది, అందుకే ఆ తీపి. అదే గడ్డిపరక నమిలితే దవడలు నొప్పెడతాయి గానీ తీపి రాదు. గడ్డిలోని సెల్యులోజ్ కూడా అవే గ్లూకోజ్ పూసల దండ, తెలుసా! పూసకీ పూసకీ మధ్య ముడి ఒక్కటే వేరు. ఆ ముడి విప్పడం మన ఒంటికి రాదు. ఆవుకైనా దాని పొట్టలోని సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి.

పైగా ఆ దండలు కట్టలు కట్టలుగా అతుక్కుని ఉంటాయి. తడిక మీద మట్టి మెత్తినట్టు వాటి చుట్టూ హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలు పట్టి ఉంటాయి. అందుకే ఫ్యాక్టరీలో గడ్డిని తరిగి, కాస్త యాసిడ్ కలిపి, ఒత్తిడిలో ఆవిరితో ఉడికిస్తారు. ఆ మెత్తు వదిలాక, సెల్యులోజ్ ముళ్లు విప్పే ఎంజైములు కలిపి, సుమారు 50 డిగ్రీల వేడిలో ఉంచుతారు. మెల్లగా తీపి నీళ్లు తయారవుతాయి. వాటిని ఈస్ట్‌తో పులియబెడితే పెట్రోలులో కలిపే ఇథనాల్ వస్తుంది.

ఆ ఎంజైముల కథ నాకు చాలా ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలు కుళ్లిపోయేవి. పత్తి దాదాపు అంతా సెల్యులోజే కదా! కారణం వెతుకుతుంటే సోలమన్ దీవుల్లో, ఆ ఎంజైములు వదిలి సెల్యులోజ్‌ను తినేసే ఒక బూజు దొరికింది. దాని మీద పనిచేసిన ఎల్విన్ రీస్ పేరుతో దాన్ని ట్రైకోడెర్మా రీసీ అంటున్నారు. అప్పుడు వదిలించుకోవాలనుకున్న ఆ బూజునే ఇప్పుడు ఎంజైముల కోసం పెద్ద పెద్ద తొట్లలో పెంచుతున్నారు.

హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్లు 2022 ఆగస్టులో ఇలాంటి ఫ్యాక్టరీ ప్రారంభించారు. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని లక్ష్యం. అంటే టన్నుకి 150 లీటర్లు. నన్నడిగితే ఆ రసాయనం కంటే గడ్డి సేకరించడమే కష్టం. అక్కడ వరి కోశాక రెండు మూడు వారాల్లో గోధుమ విత్తాలి. ఆ కాస్త టైములోనే గడ్డిని కట్టలు కట్టి, తరలించి, ఏడాది పొడుగునా తడవకుండా దాచుకోవాలి.

ఊళ్లో గడ్డంతా ఫ్యాక్టరీకే పోవాలని నేననను. ముందు పశువులు తినాలి, కొంత మట్టికి చేరాలి. మిగిలినదాన్ని మాత్రం కాల్చొద్దు. ఈసారి మన చేలో గడ్డి కట్టలు కట్టించి పాడి ఉన్నవాళ్లకి ఇస్తున్నాను. కొయ్యకాళ్లు దున్నించేస్తాను. వేసవిలో వచ్చి చూద్దురుగాని.

మీ తాతయ్య