ఆప్ట్‌లోకి రస్ట్: తగవు అసలు మొదలైంది కూబర్‌నెటీస్ దగ్గర

2025 అక్టోబర్ 31న, డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రో (ప్రోగ్రాములన్నీ కట్టి ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్) డెవలపర్ జూలియన్ ఆండ్రెస్ క్లోడే ఒక ప్రకటన చేశారు. 2026 మే కంటే ముందు కాదు గానీ, ఆ తర్వాత, డెబియన్‌లో ప్రోగ్రాములను దించి ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్‌కు రస్ట్ భాష తప్పనిసరి అవుతుందన్నారు. రస్ట్ కంపైలర్ లేని పోర్టులు (వేర్వేరు ప్రాసెసర్ల కోసం చేసిన డెబియన్ రూపాలు) ఆరు నెలల్లో దాన్ని సమకూర్చుకోవాలి, లేదా మూతపడాలి. ఆల్ఫా, హెచ్‌పీపీఏ, ఎం68కే, ఎస్‌హెచ్4 అనే పాత ప్రాసెసర్ల పోర్టులను చూసుకునేవాళ్లు ఉలిక్కిపడ్డారు. పాత మెషీన్లను వదిలేస్తారా, సీ++ భాషకు ఏమొచ్చింది, ఈ రస్ట్ ఎవరడిగారు అంటూ వాదన మళ్లీ రాజుకుంది.

పాత మెషీన్ల మీద జాలి అర్థం చేసుకోదగ్గదే. కానీ ప్యాకేజీలు కట్టేవాళ్లకు ఏళ్లుగా నిద్ర లేకుండా చేస్తున్న ప్రశ్న అది కాదు. ఒక కమాండ్ లైన్ టూల్‌లో కలిసిపోయే లైబ్రరీ (ఇతరులు రాసిన, తిరిగి వాడుకునే కోడ్) ఏ వెర్షన్‌దై ఉండాలో ఎవరు చెప్పాలి? టూల్ రాసినవాళ్లా, దాన్ని డిస్ట్రోలో పెట్టి ఏళ్ల తరబడి కాపాడాల్సినవాళ్లా?

దీనికి తేల్చి జవాబు చెప్పే అవకాశం డెబియన్‌కు ఒకసారి వచ్చింది. 2020లో, సర్వర్ల గుంపుల మీద అప్లికేషన్లను నడిపే కూబర్‌నెటీస్ ప్యాకేజీ కొత్త మెయింటెయినర్ (దాన్ని డెబియన్‌లో చూసుకునే వ్యక్తి) చేతికి వెళ్లింది. 200కు పైగా గో భాషా లైబ్రరీలను విడదీయకుండా, అప్‌స్ట్రీమ్ (ప్రోగ్రామ్ అసలు రచయితలు) ఎలా ఇచ్చిందో అలాగే లోపల ఉంచేసి ఆయన అప్‌లోడ్ చేశారు. వెండరింగ్ అంటే ఇదే. ఇలా అయితే డిస్ట్రో ఎందుకు, నేరుగా అప్‌స్ట్రీమ్ నుంచే దించుకోవచ్చు కదా అని అభ్యంతరాలు వచ్చాయి. వ్యవహారం సాంకేతిక తగవులు తేల్చే డెబియన్ టెక్నికల్ కమిటీ దాకా వెళ్లింది. 2021 మొదట్లో కమిటీ మెయింటెయినర్ నిర్ణయాన్ని కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ఫైర్‌ఫాక్స్‌ను ఎలా ప్రత్యేకంగా చూస్తున్నామో కూబర్‌నెటీస్‌నూ అలాగే చూడాలని చెప్పింది.

ఆ ఒక్క ప్యాకేజీ వరకు చూస్తే తీర్పులో తప్పు లేదు. అంత పెద్ద ప్రాజెక్టును, అంత వేగంగా మారేదాన్ని, ముక్కలుగా విడదీసి కట్టడం ఎవరి వల్లా కాదు. అయితే కమిటీ తేల్చింది ఆ ప్యాకేజీ సంగతి మాత్రమే. నియమాన్ని ముట్టుకోలేదు. ఎన్ని లైబ్రరీలుంటే ‘ప్రత్యేకం’ అవుతారో, ఎంత పేరుంటే అవుతారో చెప్పలేదు. పెద్దవాళ్లకు తలుపు తెరుచుకుంది. రిప్‌గ్రెప్, బ్యాట్ లాంటి రస్ట్‌లో రాసిన చిన్న టూల్స్ కట్టేవాళ్లు మాత్రం పాత పద్ధతిలోనే ఒక్కో క్రేట్‌ను (రస్ట్ లైబ్రరీని) వేరే సోర్స్ ప్యాకేజీగా చేసి, డెబియన్ ఆర్కైవ్‌లో ఉన్న వెర్షన్లతో పొసిగేలా సర్దుతూ కూర్చున్నారు. వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది వాలంటీర్ల పని ఇది.

ఆ పాత పద్ధతి ఊరికే పుట్టలేదు. 2002 మార్చిలో డేటాను కుదించే జెడ్‌లిబ్ లైబ్రరీలో డబుల్ ఫ్రీ (ఒకే మెమరీని రెండుసార్లు వదిలేసే) లోపం బయటపడింది. లైబ్రరీని సరిచేయడం పెద్ద పని కాలేదు. దాన్ని తమ సోర్స్‌లోనే కాపీ చేసుకున్న ప్రోగ్రాములు ఎక్కడెక్కడున్నాయో వెతకడమే పెద్ద పనైంది. ఒక కోడ్ ఒకేచోట ఉండాలి, అక్కడ సరిచేస్తే అందరికీ అందాలి అన్న డెబియన్ నియమం వెనక ఉన్నది ఇలాంటి అనుభవాలే. దాన్ని చాదస్తం అనేవాళ్లు సెక్యూరిటీ టీమ్ చోట నిలబడి ఆలోచించాలి.

అప్‌స్ట్రీమ్ వాదన కూడా తీసిపారేసేది కాదు. మేం పరీక్షించిన వెర్షన్లు వేరు, మీరు జతచేసినవి వేరు, బగ్ రిపోర్టులు మాత్రం మాకొస్తాయి అన్నది వాళ్ల గోడు. 2008లో బయటపడ్డ, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉదంతాన్ని వాళ్లు ఎప్పుడూ గుర్తుచేస్తారు. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్ హెచ్చరికలు పోవాలని డెబియన్ 2006లో కోడ్ వరుసలు తీసేయడంతో, దాదాపు రెండేళ్లపాటు తయారైన ఎన్‌క్రిప్షన్ కీలు ఊహించడానికి తేలికైనవిగా మారాయి.

2024 ఆగస్టులో ఈ రెండు వాదనలూ బీకాషెఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే ఏర్పాటు) టూల్స్ దగ్గర ఢీకొన్నాయి. ఆ ఫైల్ సిస్టమ్ అదే ఏడాది జనవరిలో విడుదలైన లైనక్స్ 6.7 కెర్నల్‌లో చేరింది. దాన్ని సృష్టించి, మరమ్మతు చేసే టూల్స్‌లో రస్ట్ వాటా పెరుగుతూ వచ్చింది. అప్‌స్ట్రీమ్ కోరిన క్రేట్ వెర్షన్లు, డెబియన్‌లో ఉన్నవి కలవలేదు. మెయింటెయినర్ జోనాథన్ కార్టర్ డిపెండెన్సీ షరతులు సడలించి చూశారు. బిల్డ్ మొదట కుదిరినా తర్వాత చెడింది. డెబియన్‌లో పాత, లోపమున్న వెర్షన్ నిలిచిపోయి వాడుకరులు ఇబ్బంది పడ్డారని బీకాషెఫ్ఎస్ రచయిత కెంట్ ఓవర్‌స్ట్రీట్ గట్టిగానే విమర్శించారు. ఏళ్ల తరబడి కాపాడాల్సిన స్టేబుల్ విడుదలలో దీన్ని నిర్వహించడం సాధ్యం కాదని చెప్పి కార్టర్ ప్యాకేజీని వదిలేశారు. ఆయన అంతకుముందు నాలుగేళ్లు డెబియన్ ప్రాజెక్ట్ లీడర్‌గా చేసిన మనిషి. నియమాలు తెలియక చేతులెత్తేశారని అనలేం. కూబర్‌నెటీస్‌కు దొరికిన మినహాయింపు ఈ టూల్స్‌కు వర్తిస్తుందో లేదో, ఎందుకో చెప్పే రాతకోత ఏదీ ఆయన ముందు లేదు.

ఇప్పుడు ఆప్ట్ దగ్గరికి వద్దాం. రస్ట్ అందులోకి కొత్తగా రావడం లేదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లోనే, రస్ట్ ఉన్న ఆర్కిటెక్చర్ల (ప్రాసెసర్ రకాల) మీద ఆప్ట్ రిపాజిటరీ సంతకాలను జీపీజీవీ అనే పాత టూల్‌కు బదులు, సెకోయా ప్రాజెక్టు రస్ట్‌లో రాసిన ఎస్‌క్యూవీతో సరిచూస్తోంది. రస్ట్ లేనిచోట పాత దారి ఉంది. క్లోడే ప్రకటనతో ఆ వెసులుబాటు పోతుంది. డెబ్, టార్ ఫైళ్లను చదివే కోడ్, సంతకాలు సరిచూసే కోడ్ మెమరీ భద్రత ఉన్న భాషలోకి మారితే మేలన్న ఆయన మాటను కాదనేవాళ్లు తక్కువే.

అయితే రస్ట్ క్రేట్లు బైనరీలోనే కలిసిపోతాయి. ఒక క్రేట్‌లో లోపం దొరికితే దాన్ని వాడిన ప్రతి ప్యాకేజీనీ మళ్లీ బిల్డ్ చేయాలి. అలా పెద్ద ఎత్తున చేయడానికి తమ ఏర్పాట్లు చాలడం లేదని, అందుకే గో, రస్ట్ ప్యాకేజీలకు సెక్యూరిటీ సపోర్ట్ పరిమితమేనని డెబియన్ 12 విడుదల పత్రమే ఒప్పుకుంది. ఈ హెచ్చరిక ఇన్నాళ్లూ కావాలంటే ఇన్‌స్టాల్ చేసుకునే టూల్స్ గురించి అనుకున్నారు. ఆప్ట్ లేని డెబియన్ మెషీన్ దాదాపు ఉండదు, సెక్యూరిటీ అప్‌డేట్లు దించేదీ అదే. దాని క్రేట్లలో లోపం దొరికిన రోజు రీబిల్డ్ బాధ్యత ఆప్ట్ టీమ్‌దా, రస్ట్ టీమ్‌దా, సెక్యూరిటీ టీమ్‌దా అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. పోర్టుల గొడవలో ఆ ప్రశ్న అడిగినవాళ్లే తక్కువ.