చిప్ప జరిగిందా, గాడి తిరిగిందా?

చదునైన నేల మీద ఎంత దూరమైనా నడవగలరు. మెట్లు దిగాలంటే మాత్రం రెయిలింగ్ పట్టుకోవాల్సిందే. కాసేపు కూర్చుని లేచేసరికి మోకాలి ముందు, చిప్ప వెనకాల ఎక్కడో పట్టేసినట్టు నొప్పి. వంచితే కరకరమని చప్పుడు. ఎక్స్‌రే తీయిస్తే పెద్దగా అరుగుదల లేదంటారు. అలా విన్నవాళ్లు తమ నొప్పిని తామే అనుమానించుకోవడం చూస్తే బాధేస్తుంది. నొప్పి నిజమే. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో చిప్ప నీడ తొడ ఎముక నీడలో కలిసిపోతుంది, అంతే. చిప్పకూ దాని వెనక తొడ ఎముక చివరనున్న గాడికీ మధ్య సందు ఎంత మిగిలిందో తెలియాలంటే మోకాలు కొంత వంచి, చిప్ప అంచు వెంబడి కిరణం పోయేలా తీయాలి. దీన్నే స్కైలైన్ వ్యూ అంటారు.

మోకాలిని ఒకే కీలు అనుకుంటాం గానీ అరుగుదల లెక్కలో అది మూడు గదుల ఇల్లు. తొడ ఎముకా ముంగాలి ఎముకా కలిసేచోట లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి. చిప్పకూ తొడ ఎముకకూ మధ్య మూడోది. మొదటి రెండు గదుల గురించే ఎక్కువగా వింటాం. మెట్ల దగ్గర, కుర్చీలోంచి లేచేటప్పుడు ఇబ్బంది పెట్టేది తరచుగా ఈ మూడోదే.

చిప్ప కీలు మీద పెట్టిన మూత కాదు. తొడ ముందున్న పెద్ద కండరం, క్వాడ్రిసెప్స్, స్నాయువుగా (కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటి భాగం) మారి కిందికి దిగేచోట అందులోనే ఇమిడిపోయిన ఎముక అది. గిలక తాడును దూరంగా పట్టి ఉంచినట్టు ఇది స్నాయువును కీలు నుంచి ముందుకు నెట్టి ఉంచుతుంది. అందువల్ల అదే కండరం తక్కువ శ్రమతో కాలు చాపగలుగుతుంది. దానికి చిప్ప చెల్లించే మూల్యం ఒత్తిడి. చదునుగా నడుస్తున్నప్పుడు చిప్పను గాడికి అదిమే బలం శరీర బరువులో సుమారు సగం. మెట్ల మీద అది దాదాపు 3 రెట్లు, లోతుగా గొంతుక్కూర్చుంటే 7 రెట్ల పైమాటే. 60 కిలోల మనిషికి 30, 180, 420 కిలోలన్నమాట. శరీరంలో అతి మందమైన మృదులాస్థి, అంటే ఎముక చివరను కప్పే, మనం గుజ్జు అనే పొర, చిప్ప వెనక ఉండటం ఊరికే కాదు.

ఇంత ఒత్తిడినీ చిప్ప మామూలుగా ఓర్చుకుంటుంది, బరువు పరుచుకున్నంత కాలం. తొడ ఎముక తుంటి నుంచి మోకాలికి లోపలికి వాలుతూ దిగుతుంది కాబట్టి కండరం లాగుడు ఎప్పుడూ కాస్త బయటి వైపుకే ఉంటుంది. చిప్ప జారిపోకుండా గాడికి బయటి గట్టు ఎత్తుగా ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే గాడి లోతు తక్కువ. కొందరికి చిప్ప ఉండాల్సిన చోటు కంటే పైన ఉంటుంది. కొందరికి బయటి వైపు కణజాలం బిగుసుకుపోయి ఉంటుంది. చిప్ప అటు ఒరిగితే బరువు పెరగదు, ఆనే చోటు తగ్గుతుంది. అదే బరువు సన్నని అంచు మీద పడి అక్కడి మృదులాస్థి ముందుగా నలుగుతుంది.

ఇక్కడ చాలాకాలం ఒక పొరపాటు సాగింది. చిప్ప పక్కకు జరిగింది కాబట్టి చిప్పనే వెనక్కి లాగాలి అనుకున్నారు. తలుపు గడియ పడకపోతే ముందు గడియనే అరగదీస్తామా? తలుపు కుంగిందేమో చూస్తాం. 2003లో అమెరికా పరిశోధకుడు క్రిస్టోఫర్ పవర్స్ బృందం బరువు మోస్తున్న మోకాలిని ఎంఆర్ఐలో గమనించినప్పుడు తెలిసింది కూడా ఇలాంటిదే. గాల్లో కాలు చాపినప్పుడు చిప్పే కదులుతోంది. నిలబడి మోకాలు వంచి చాపినప్పుడు మాత్రం చిప్ప దాదాపు అలాగే ఉండి, దాని వెనక తొడ ఎముక లోపలికి తిరుగుతోంది. అంటే గాడే చిప్ప కింద నుంచి తప్పుకుంటోంది! పరిశీలించింది కొద్దిమందినే అయినా ఆ తర్వాత వైద్యుల చూపు మోకాలి నుంచి తుంటికి ఎక్కింది. తొడ ఎముక లోపలికి తిరగకుండా పట్టి ఉంచేవి పిరుదు కండరాలు. అద్దం ముందు ఒంటి కాలి మీద నిలబడి మోకాలు కొంచెం వంచితే చాలామందికి తమ మోకాలు బొటనవేలి వైపుకు వాలిపోవడం కనిపిస్తుంది.

అందుకే కోత లేని వైద్యంలో మొదటి స్థానం వ్యాయామానిది. తొడ కండరంతో పాటు తుంటి కండరాలను కూడా కలిపి చేసే వ్యాయామం. పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం తుంటికి. మోకాలు బిగించి కాలు తిన్నగా ఎత్తడం, గోడకు ఆనుకుని కొద్దిగా కిందికి జారి లేవడం తొడకు. కోణం దగ్గర జాగ్రత్త అవసరం. పాదం నేల మీద ఉంచి చేసేటప్పుడు ఎక్కువ వంచినకొద్దీ చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి మొదట్లో 45 డిగ్రీలు (తిన్నగా చాపిన కాలు 0) దాటి వంచకూడదు. కుర్చీలో కూర్చుని బరువు కట్టుకుని కాలు చాపేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ 90 నుంచి 45 డిగ్రీల దాకా చాపడం మేలు, చివరి భాగమే చిప్పకు బరువు. ఈ తేడా చెప్పకుండా వ్యాయామాల కాగితం చేతిలో పెడితే మంచి వ్యాయామమే నొప్పి తెస్తుంది. తొడ లోపలి అంచున, చిప్ప పక్కనుండే కండరాన్ని మాత్రమే విడిగా పెంచాలనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని విడదీసి బలపరచడం సాధ్యం కాదు, తొడ మొత్తం బలపడితే అదీ బలపడుతుంది.

వ్యాయామం చేస్తుంటే కొద్దిపాటి నొప్పి వస్తుంది. అది భరించగలిగేదై, మర్నాటికి మామూలు స్థాయికి దిగితే హాని లేదు. దిగకపోతే, మోకాలు వాస్తే, మోతాదు తగ్గించాలి తప్ప మానకూడదు. వాచిన కీలు తొడ కండరాన్ని దానంతటదే మందగించేలా చేస్తుంది. అందుకే నొప్పి పడిన కాలు తొందరగా సన్నబడుతుంది, సన్నబడిన కొద్దీ భారమంతా కీలు మీదే పడుతుంది. "గుజ్జు అరిగిపోయింది" అనే మాట చేసే నష్టం ఇక్కడే. ఆ మాట విన్న మనిషి ఉన్న కాస్త గుజ్జూ పోతుందని నడక మానేస్తాడు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. నొక్కి వదిలినప్పుడు స్పాంజి నీరు పీల్చినట్టు కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ. కదలికే దాని తిండి.

ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. 2015లో ఆస్ట్రేలియాలో చిప్ప కీలు అరిగిన 92 మందిపై చేసిన పరీక్ష నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. వ్యాయామం, చిప్పను లాగి అంటించే టేపు, అవగాహన కలిపి అందుకున్నవాళ్లు 3 నెలలకు అవగాహన మాత్రమే పొందినవాళ్ల కంటే మెరుగయ్యారు. 9 నెలలకు ఆ తేడా నిలవలేదు. 3 నెలలు వేసుకుని ముగించే మందుల కోర్సులా వ్యాయామాన్ని చూడకూడదని నేను దీన్నుంచి గ్రహించాను.

టేపు సంగతి. 1980ల్లో ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెన్నీ మెక్‌కానెల్ చిప్పను లోపలి వైపుకు లాగి అంటించే పద్ధతి ప్రవేశపెట్టారు. చిప్ప స్థానం పెద్దగా మారకపోయినా నొప్పి తగ్గడం కద్దు. ఆ ఊరటలో వ్యాయామం చేసుకోగలగడమే టేపు అసలు ఉపయోగం. చిప్ప కోసం చేసిన బ్రేస్ (మోకాలికి తొడిగే పట్టీ) మీద మాంచెస్టర్ పరిశోధకులు 2015లో 126 మందితో చేసిన పరీక్షలో 6 వారాలకు నొప్పి తగ్గడమే కాక, చిప్ప కీలు ఎముకలో ఎంఆర్ఐకి కనిపించే దెబ్బతిన్న భాగాలు కూడా చిన్నవయ్యాయి. మరో బ్రేస్‌తో అంతకుముందు చేసిన పరీక్షలో ప్రయోజనం కనపడలేదు. కాబట్టి కొన్ని వారాలు వాడి చూసి, తేడా ఉంటేనే కొనసాగించడం సబబు.

బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు 1 కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. రోజుకు వేసే అడుగులతో హెచ్చవేసుకోండి.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను. పైపూతగా రాసే డైక్లోఫెనాక్ వంటి జెల్ మొదట ప్రయత్నించదగినది. నొప్పి మాత్రలు కడుపుకూ, మూత్రపిండాలకూ, గుండెకూ చేటు చేయగలవు కాబట్టి డాక్టరు చెప్పినన్నాళ్లే. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఊరటనిస్తుంది. అయితే 2017లో వెలువడిన పరీక్షలో 3 నెలలకోసారి చొప్పున 2 ఏళ్లు ఇస్తే ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే నొప్పి తగ్గలేదు సరికదా, మృదులాస్థి మరింత పలచబడింది. గ్లూకోసమైన్ మాత్రలను, కీలులోకి ఎక్కించే హయలురోనిక్ ఆమ్లాన్ని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ సిఫారసు చేయడం లేదు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు వేరు. జ్వరంతో మోకాలు ఎర్రగా వేడెక్కి వాయడం, వంచింది చాపలేకుండా బిగుసుకుపోవడం, పడ్డాక కాలు మోపలేకపోవడం, చిప్ప పూర్తిగా పక్కకు తొలగిపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నెలల తరబడి శ్రద్ధగా వ్యాయామం చేసినా నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే ఆపరేషన్ గురించి మాట్లాడటంలో తప్పేమీ లేదు.

ఈలోగా మెట్లు తప్పవు కదా. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయాలి. దిగేటప్పుడు ఒంటి బరువు మోస్తూ వంగేది పై మెట్టు మీదున్న కాలు. ఆ పని బాగున్న కాలికి అప్పగించాలి. కర్ర వాడితే నొప్పి కాలికి అవతలి వైపు చేతిలో పట్టుకోవాలి. తొడ, తుంటి కొంత గట్టిపడ్డాక, ఒక పొట్టి మెట్టు మీద నుంచి నొప్పి కాలిని పైన ఉంచి, మోకాలు లోపలికి వాలకుండా అద్దంలో చూసుకుంటూ, నెమ్మదిగా దిగడం అలవాటు చేసుకోవచ్చు.