నున్నటి రాయి ఏ రాయి?

ఏటి ఒడ్డున ఏరుకున్న నున్నటి గులకరాయి ఆకారం చూసి అదేం రాయో చెప్పలేం. ప్రవాహంలో ఒకదాన్నొకటి గుద్దుకుంటూ దొర్లే రాళ్లకి ముందు అరిగేవి మూలలు, అంచులే. కాబట్టి రకమేదైనా చివరికి అందరిదీ ఒకటే గుండు. 2012లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద ఇలాంటి గులకరాళ్లనే చూసింది. అక్కడ ఒకప్పుడు ఏరు పారిందని శాస్త్రవేత్తలు తేల్చుకున్నది వాటి గుండ్రదనం వల్లే.

ముందు రాయిని నీళ్లలో ముంచండి. ఎండిన రాయి పైన కంటికి ఆనని గరుకు వెలుగుని చెదరగొట్టేస్తుంది, అందుకే బూడిద పూసినట్టు ఉంటుంది. ఆ గరుకులో నీరు నిండగానే లోపలి రంగులు తేలతాయి. నలుపు, తెలుపు, గులాబీ చుక్కలు కలగలిసి ఉంటే గ్రానైట్ అనుకోవచ్చు. అవే పట్టీలుగా సర్దుకుంటే నైస్ (gneiss) అనే రాయి. సన్నటి రేణువులతో అంతా నలుపై, అక్కడక్కడా బుడగల గుంటలుంటే బసాల్ట్ కావచ్చు.

ఆ తర్వాత గీసి చూడాలి. నాకైతే దీని మీదే ఎక్కువ నమ్మకం. ఫ్రెడ్రిక్ మోస్ 1812లో ఇచ్చిన గట్టిదనం కొలతలో సున్నపురాయిలో ఉండే కాల్సైట్ అనే ఖనిజానిది 3, పలుగురాయిది 7, మామూలు స్టీలు చాకు 5.5 దగ్గర ఉంటుంది. చాకుకి తెల్ల పొడి రాలితే దాని మీద వెనిగర్ చుక్క వేయండి. బుడగలొస్తే సున్నపురాయి. పలుగురాయి మీదా ఓ మెరిసే గీత పడుతుంది, చూసి మోసపోతాం. గట్టిగా రుద్దండి, పోతే అది రాయికి పడ్డ గీత కాదు, చాకు నుంచి రాలిన లోహం.

ఏరు ఎంత దూరం పారితే పలుగురాళ్లు అంత ఎక్కువ దొరుకుతాయి. మెత్తటివి దారిలోనే నలిగి బురదైపోతాయి. గట్టివాటికీ దెబ్బలు తప్పవు: పలుగు రేణువులు అతుక్కుని గట్టిపడ్డ క్వార్ట్‌జైట్ గుండుని ఎండలో వాలుగా తిప్పితే గోటితో నొక్కినట్టు నెలవంక నెర్రెలు కనిపిస్తాయి. అవి తోటి రాళ్లు గుద్దిన గుర్తులు.

పారదర్శకంగా ఉన్నది దొరికితే మాత్రం అందరికీ వజ్రమే గుర్తొస్తుంది. గాజు మీద గీత పడిందని సంబరపడితే ఎలా? ఆ పని పలుగురాయీ చేస్తుంది. దాన్ని వెలుగుకి పెట్టి లోపలికి చూడండి. గుండ్రటి గాలి బుడగ కనిపించిందంటే చాలావరకు అది నీళ్లు అరగదీసిన సీసా ముక్కే.